పూడ్చిన మగ్గం గుంట

మా ఇల్లు అమ్మకానికి పెట్టిన ఏడు నాకు పదకొండేళ్ళు. యుద్ధం జరుగుతోంది. బెజవాడలో పెద్ద రైలు స్టేషను ఉంది గనక బాంబులు అక్కడే పడతాయని పుకారు పుట్టి, ఉన్నవాళ్ళందరూ పెట్టెలు సర్దుకుని చల్లపల్లి వైపు ఇళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. మా ఊరు చల్లపల్లికి నాలుగు మైళ్ళు. మా వీధిలో ప్రతి ఇంట్లోనూ మగ్గం ఉండేది. నూలు కరువై సగం మగ్గాలు ఆగిపోయాయి. ఇల్లు అమ్మి గన్నవరంలో బట్టల కొట్టు పెట్టుకుందామని పెదనాన్న అనుకున్నారు. ఇల్లు తాతయ్య కట్టించింది. తాతయ్య పోయాక పెద్దకొడుకుగా పెదనాన్న చేతికి వచ్చింది.

నన్ను కని మా అమ్మ పోయింది. ఆ తర్వాత రెండేళ్ళకు నాన్న. నన్ను పెంచింది మా మేనత్త. పదహారో ఏట ముత్తైదుతనం పోయి పుట్టింటికి వచ్చి, అప్పటి నుంచీ ముందు వసారాలో ఉన్న మగ్గం మీదే కూర్చుంది. "ఈ వసారా నీది, ఎవరూ నిన్ను లేవమనరు" అని తాతయ్య ఆమెకు మాట ఇచ్చారని వీధంతా ఎరుగుదురు.

నేను బడికి వెళ్ళలేదు. మా అత్తయ్య మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తుంటే, ఆ గుంట అంచున ఇసుక పోసుకుని నేను అక్షరాలు దిద్దేదాన్ని. దారం కండె ఉన్న నాడె మగ్గం ఈ చివర నుంచి ఆ చివరకు పోయి తిరిగొచ్చేలోపు ఒక అక్షరం దిద్దాలి. ఆలస్యమైతే కాలితో ఇసుక చెరిపేసి మళ్ళీ రాయమనేది. ఈవేళ నేను నాలుగు మాటలు రాస్తున్నానంటే ఆ గుంట పుణ్యం. పొద్దున దీపం పెట్టేటప్పుడు ఆ సంగతి దేవుడికి చెప్పుకోకుండా ఏ రోజూ మొదలుపెట్టను.

ఆ గుంటకు ఒక గొప్ప ఉంది. మా ఊళ్ళో గజం తవ్వితే నీరు తగులుతుంది. శ్రావణం వస్తే వీధిలో అందరి గుంటల్లోనూ నీరు ఊరి మగ్గాలు ఆగిపోయేవి. మా గుంటలో మాత్రం ఎంత వానకైనా చుక్క ఊరేది కాదు. ఇల్లు కట్టేటప్పుడు తాతయ్య అక్కడ మెరక వేయించి, ఇటుక ముక్కలూ సున్నమూ దట్టించారట. ఆ సంగతి అత్తయ్యకే బాగా తెలుసు. పెదనాన్న ఏనాడూ నేసిన మనిషి కాదు, నూలు బేరం చేసేవారు.

బెజవాడ నుంచి ఒక బట్టల వ్యాపారి శుక్రవారం ఇల్లు చూడటానికి వస్తున్నాడని సోమవారం కబురు వచ్చింది. పెదనాన్న ఇంటి మీద పడ్డారు. వీధి వైపు కప్పుకు మాత్రం పగిలిన పెంకులు మార్పించారు, పెరటి వైపు అలాగే వదిలేశారు. వంటింటి మసిగోడలకు రెండుసార్లు సున్నం కొట్టించారు. నూలుకు పెట్టే గంజి వాసన ఇంట్లో తరతరాలుగా ఉంది. అది పోవాలని పెద్దమ్మ మూడు రోజులు సాంబ్రాణి వేసింది. పక్కింటివాళ్ళ గోడగడియారం, ఇత్తడి గంగాళం అరువు తెచ్చి పెట్టారు. అప్పుడు వసారా కేసి చూసి పెదనాన్న, గుంట పూడ్చేయాలన్నారు. డబ్బున్నవాడు వస్తుంటే నేలలో గొయ్యి చూపిస్తే, ఇది కూలికి నేసుకునేవాళ్ళ కొంప అనుకుంటాడట.

మగ్గం మీద చీర ఉంది. ఇంకా నాలుగు మూరలు నేయాలి. రెండు రోజులు ఆగమంది అత్తయ్య. నేసి దించేస్తాను, ఆ తర్వాత పూడ్చుకో అంది. పెదనాన్న వినకుండా కత్తి తెప్పించారు. ఆయన కోస్తే దారాలన్నీ చిక్కుపడి పాడవుతాయని కత్తి అత్తయ్యే తీసుకుని పడుగు తనే కోసింది. మావాళ్ళలో నేత నడుమ పడుగు కోయడమంటే అన్నం ముందు నుంచి లేపడమంత పాపం. అప్పుడు కూడా ఆమె ఒక్కమాటే అడిగింది.

"వచ్చేవాడు బట్టలవాడేగా అన్నయ్యా. నన్ను ఒక్కమాట మాట్లాడనీ. గుంట చూపించి, ఇక్కడే కూలికి నేస్తానని అడుగుతాను. నేను నీ కూడా గన్నవరం వచ్చి నీకు బరువవడమెందుకు?"

"నీ మొహం ఎదురొచ్చాక ఇంక బేరమెక్కడిది?" అన్నారు పెదనాన్న.

పెద్దమ్మ తోరణాలు కట్టుకుంటూ, "ఆవిణ్ణి గుమ్మంలో నిలబెడితే మన బేరమే కాదు, దారిన పోయేవాళ్ళ బేరాలూ చెడతాయి" అని నవ్వింది.

పూడ్చడానికి పొడిమన్ను తెప్పించమనీ, పొర పొరకూ దిమ్మిస కొట్టించమనీ అత్తయ్య చెప్పింది. అంత తీరిక లేదని పెదనాన్న కాలవ పూడిక తీసిన తడి ఒండ్రు నాలుగు బండ్లు పోయించారు. మగ్గం విప్పించి, తొక్కుడు చెక్కలూ, నాడె కూడా అందులోనే పడేశారు. పైన పేడతో అలికించి, దాని మీద అరువు జంపఖానా పరిపించారు.

శుక్రవారం వర్జ్యం చూసుకుని, అత్తయ్యను వసారా పక్కనున్న ధాన్యం కొట్టులోకి వెళ్ళమన్నారు. ఆమె వెళ్ళి బస్తా మీద కూర్చుంది. బయట గొళ్ళెం పెట్టమని నాకు చెప్పారు. పెట్టాను. నాకు కొత్త పరికిణీ ఇచ్చారు, పువ్వులు పెట్టారు, ఆడపిల్ల ఎదురైతే మంచిదని గుమ్మంలో నిలబెట్టారు. నిజం చెప్పాలంటే ఆ పరికిణీ చూసుకుని మురిసిపోతూనే గొళ్ళెం పెట్టాను.

వ్యాపారి నెమ్మదస్తుడు, యాభై దాటినవాడు. ఇల్లంతా తిరిగాడు. గడియారం కేసి గానీ గంగాళం కేసి గానీ చూడలేదు. వసారాలోకి వచ్చి జంపఖానా మీద అడుగు వేయగానే కాలు చీలమండ దాకా దిగిపోయింది. నీరు జంపఖానా పైకి ఉబికింది. ఆయన కాలు తీసుకుని, ఈ ఇంట్లో నీరు ఊరుతోందండీ, నేను తడి ఇల్లు తీసుకోను అన్నాడు. పెదనాన్న ముఖం పాలిపోయింది. ఊరలేదండీ, అక్కడ మగ్గం గుంట ఉండేది, మొన్ననే పూడ్పించాను అని ఒప్పుకున్నారు.

ఆయన జంపఖానా తొలగించి అక్కడే గొంతుక్కూర్చున్నాడు. తన కూడా ముగ్గురు నేతగాళ్ళను తెచ్చుకుంటున్నాననీ, ఈ ప్రాంతంలో వానకు ఊరని గుంట కోసమే పదిళ్ళు తిరిగాననీ చెప్పాడు. ఇది ఊరేదా అని అడిగాడు. పెదనాన్నకు తెలియదు. నేను ఆగలేక, "ఎప్పుడూ ఊరదండీ, మా అత్తయ్య చెప్పింది, అడుగున ఇటుకా సున్నం ఉన్నాయి" అన్నాను.

"మీ అత్తయ్య నేసేదా అమ్మా? ఎక్కడున్నారావిడ?"

కొట్టు తలుపు ఆయన వీపు వెనకే, మూడడుగుల దూరంలో ఉంది. నేను పెదనాన్న వైపు చూశాను.

"పోయిందండీ. మొన్న పుష్యమాసంలో" అన్నారు పెదనాన్న.

ఎందుకన్నారో నాకు తర్వాత తెలిసింది. వసారా ఆమెదని తాతయ్య అన్న మాట చెవిన పడితే కొనేవాడు వెనక్కి తగ్గుతాడని ఆయన భయం. ఆ క్షణంలో నాకు అదేమీ తెలియదు. వ్యాపారి నా వైపు తిరిగి, అవునా తల్లీ అన్నట్టు తలెత్తాడు. నేను తలాడించాను.

"అయ్యో. ఉంటే ఆవిణ్ణి ఇక్కడే కూర్చోబెట్టి నెలజీతం ఇచ్చేవాణ్ణి. ఇలాంటి గుంట తెలిసిన చేయి మళ్ళీ దొరకదు" అన్నాడాయన.



బేరం అప్పుడే కుదిరింది. ఆయన వీధి మలుపు తిరిగాక నేను గొళ్ళెం తీశాను. అత్తయ్య బయటకు వచ్చి, మంచినీళ్ళు ఇయ్యవే అంది. ఇచ్చాను. తాగి చెంబు నా చేతికిస్తూ, "పుష్యంలో ఏ తిథి అనుకున్నారే? అడిగితే ఏం చెబుతావు?" అంది. పెద్దమ్మ విని, "తిథి ఏదైతేనేం, బతికున్నదానికి పిండం పెట్టే ఖర్చు లేదుగా" అంది. ఆ మాటకు ఇంట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇక ఆమె ఆ వీధిలో కనబడటానికి వీల్లేదు. మైలవరం దగ్గర దూరపు చుట్టాల పొలం ఉంది. గొడ్ల దగ్గర మనిషి కావాలంటున్నారని అక్కడికి పంపాలనుకున్నారు. ఆ చుట్టుపక్కల మగ్గమనేది లేదు. పెదనాన్న రిజిస్ట్రీకి బయల్దేరే రోజే ఆమె బండి కూడా పెట్టారు. ఆయన గడప దాటేవరకూ పెరట్లోనే ఉండమని పెద్దమ్మ కేకేసింది. అత్తయ్య వినలేదు. మూట చంకన పెట్టుకుని, పక్కసందులోంచి వీధిలోకి వచ్చి, గుమ్మానికి ఎదురుగా నిలబడింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమె అలా ఎవరికీ ఎదురు రావడం నేను చూడలేదు. పెదనాన్న ఆగిపోయారు.

"శవం ఎదురొస్తే మంచి శకునమే కదా అన్నయ్యా. వెళ్ళిరా, పని అవుతుంది" అంది.

పని అయింది. ఆమె బండెక్కింది. నా వైపు చూడలేదు.

కొట్టు కుదిరేదాకా మేము అదే వీధిలో అద్దెకున్నాం. అందరూ పెదనాన్నకు నూలు బాకీ ఉన్నవాళ్ళే గనక అసలు సంగతి ఎవరూ వ్యాపారి చెవిన వేయలేదు. వ్యాపారి ఒండ్రు తీయించి గుంట బాగు చేయించాడు. అడుగున దొరికిన నాడెను కడిగించి, తన నేతగాడికి ఇచ్చాడు. ఆ శ్రావణంలో కూడా గుంటలో చుక్క ఊరలేదు. దసరాకు పనిముట్ల పూజ చేసుకున్నప్పుడు, ఈ గుంట నిలబెట్టిన పుణ్యాత్మురాలి పేర అని ఆయన అంచున ఒక దీపం విడిగా పెట్టించి, పెద్దరికంగా నన్ను పిలిచి కొబ్బరిముక్క, బెల్లం చేతిలో పెట్టాడు. అప్పటికి అత్తయ్య మైలవరంలో పేడతట్ట మోస్తోంది. ఆ తర్వాత ఆరేళ్ళు మోసింది.

పెదనాన్న మీద నాకు కోపం లేదు. అన్నం పెట్టారు, పెళ్ళి చేశారు, ఆ రుణం ఉంది. వ్యాపారికీ నమస్కారం పెడతాను. ఆయన దయగలవాడు, నా చేతిలో ప్రసాదం పెట్టి, తిను తల్లీ, మీ అత్తయ్యకు చేరుతుంది అన్నాడు. ఆయన చూస్తుండగా తిన్నాను. లేతకొబ్బరి, బాగుంది.