సారయ్య చూడని ముఖాలు

సారయ్య మనుషుల ముఖాలు చూడడు. చెప్పులే చూస్తాడు. అమీర్‌పేటలో ఓ మూడో అంతస్తు కంప్యూటర్ కోచింగ్ సెంటర్‌కు పదకొండేళ్లుగా ఆయనే వాచ్‌మన్. ల్యాబ్‌లోకి దుమ్ము పోకూడదని అక్కడ అందరూ గుమ్మం బయటే చెప్పులు విడవాలి. ఆ చెప్పుల స్టాండు పక్కన స్టూలేసుకుని, తల వంచుకుని కూర్చుంటాడు. "ఆండ్రూ, ఇయ్యాల సుత లేటేనా?" అంటాడు, తలెత్తకుండానే. ఆండ్రూ నాలుక కరుచుకుని లోపలికి పరిగెత్తుతాడు.

ఈ పిచ్చితో వచ్చిన తంటాలు అన్నీ ఇన్నీ కావు. సెంటర్ యజమాని ఫణీంద్ర ఓసారి పంజాగుట్టలో కొత్త బూట్లు కొని, అవే వేసుకుని వచ్చాడు. సారయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎవలు గావాలె సార్?"

"ఏంటయ్యా, నేనే! నీకు జీతమిచ్చేవాణ్ణి!"

"గొంతైతే మా సార్‌దే. బూట్లు సార్‌వి గావు. జర ఆగున్రి."

రిసెప్షన్‌లో ఉన్న జెనీఫర్ వచ్చి సాక్ష్యం చెబితే గానీ యజమాని తన సెంటర్‌లోకి తాను పోలేకపోయాడు. ఆ రోజంతా జెనీఫర్ ఫోనెత్తిన ప్రతిసారీ నవ్వు ఆపుకోలేక నానా అవస్థా పడింది.

అలాంటి సారయ్యకు ముఖాలు చూసే పని పడింది. నెలాఖరు పరీక్ష దినేశ్ అనే విద్యార్థి బదులు ఇంకెవడో రాసి పోయాడని తేలింది. మర్నాడే గోడమీద నోటీసు: ముఖం కప్పుకున్నవారికి ప్రవేశం లేదు. గుమ్మంలోనే సారయ్య ముఖాన్ని ఐడీ కార్డుతో పోల్చి చూడాలి.

"కొన్ని దేశాల్లో ప్రభుత్వాలే చట్టం చేశాయి జెనీఫర్ గారూ. వీధిలో సైతం ముఖం కప్పుకోకూడదట. మన గుమ్మంలో నేను పెడితే తప్పేంటి?" అన్నాడు ఫణీంద్ర.

జెనీఫర్ తన చున్నీ వంక చూసుకుంది. బేగంపేట నుంచి స్కూటీ మీద కళ్లు మాత్రమే కనబడేలా చున్నీ చుట్టుకుని వచ్చేది తనే. అయితే తను గుమ్మంలో విప్పేస్తుంది. మాసబ్ ట్యాంక్ నుంచి వచ్చే సఫూరా నిఖాబ్ తీయదు. క్లాసులో అందరికంటే చురుకైన పిల్ల. కోర్సు ఇంకా రెండు వారాలే ఉంది, ఆపైన ఇంటర్వ్యూలు.

సఫూరా నోటీసు రెండుసార్లు చదివి జెనీఫర్ వైపు తిరిగింది. "లోపల రూంల మీకొక్కలకే అంటే చూపెడ్త మేడమ్. గీ మెట్ల మీద అందరి ముందల తియ్య. తియ్యాల్సిందే అంటే కోర్సు ఇడిసిపెడ్త."

స్టూలు మీద నుంచి సారయ్య గొంతు వినిపించింది. "గా దొంగ పరీక్ష రాసినోడు ముఖం తెరుసుకునే వచ్చిండు గద సార్. మీరందరు చూసిన్రు. ఏం ఫాయిదా అయింది?"

"మరి నువ్వెందుకు పట్టుకోలేదయ్యా?"

"చెప్పిన గద! దినేశ్ చెప్పులు తొమ్మిది నంబరు, గివి ఏడు నంబరు అని. మీరు నవ్విన్రు."

ఫణీంద్రకు పౌరుషం పొడుచుకొచ్చింది. "అయితే నీకే పరీక్ష. ఒక్కరిని తప్పు చెప్పావంటే నోటీసు ఉంటుంది."

పాదాలు మాత్రమే కనిపించేలా పాత ఫ్లెక్సీ కట్టించి, ఇరవై మందిని దాని వెనక నడిపించాడు. షెర్లిన్, నేతన్, దుర్గేష్... సారయ్య అంగన్‌వాడీ టీచరు హాజరు పిలిచినంత సులువుగా చెప్పుకుపోయాడు. చివర్లో ఫణీంద్ర కొంటెగా సఫూరా చెప్పులు జెనీఫర్‌కు తొడిగించాడు. జెనీఫర్ సఫూరాలా సరిగ్గా నటిస్తే ఆ పిల్ల చదువు ఆగిపోతుంది, నటించకపోతే యజమాని ఊరుకోడు. ఏమైతే అదవుతుందని నాలుగడుగులు వేసింది.

సారయ్య మొదటిసారి తటపటాయించాడు.

"చెప్పులు సఫూరమ్మవి. నడక జెనీఫరమ్మది. కరుస్తున్నయా అమ్మా?"

చప్పట్లకు ఫ్లెక్సీ ఊడి కింద పడింది. ఫణీంద్ర తన చేత్తోనే నోటీసు చింపేశాడు. పరీక్షల రోజు మాత్రం ఆడపిల్లల కార్డులు లోపలి గదిలో జెనీఫర్ చూడాలన్నాడు. సఫూరా సరేనంది.

"అయినా సారయ్యా, మనిషి ముఖం చూస్తే నీ సొమ్మేం పోతుంది?"

"ఇంటర్వ్యూ పోయినోళ్లు గీ మెట్ల మీదికెల్లే ఏడ్సుకుంట దిగుతరు సార్. గప్పుడు ఎవలన్న ముఖంల ముఖం పెట్టి చూస్తె పానం ఎట్లయితది? చూడకపోవుడు అట్లనే అలవాటైంది."

జెనీఫర్‌కు నాలుగేళ్ల కిందటి సాయంత్రం గుర్తొచ్చింది. ఇక్కడే కోర్సు చేసి, ఉద్యోగం రాక ఆ మెట్ల మీదే కూర్చుని ఏడ్చింది. సారయ్య తల వంచుకుని, ఆమె తెగిన చెప్పు పట్టీ అరగంట సేపు కుట్టాడు. ఎంత చేతకాని మనిషో అని అప్పుడు విసుక్కుంది కూడా. ఆమె ఏడుపు ఆగేదాకా కుట్టాడని ఇప్పుడు తెలిసింది.

రెండు నెలల తర్వాత మెట్ల మీద కొత్త బూట్లు టకటకమన్నాయి. సారయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎవలు గావాలె?"

"నేనే సారయ్యన్నా, సఫూరా!"

ఆయన ఆ బూట్లను కాసేపు తేరిపార చూశాడు. "కొలువు దొరికిందా బిడ్డా?"

"దొరికిందన్నా! లక్డీకాపూల్‌ల, సోమవారం నుంచే!"

పదకొండేళ్లలో మొదటిసారి సారయ్య తలెత్తి ఒక మనిషి ముఖంలోకి చూశాడు. అక్కడ నిఖాబ్, దాని పైన రెండు కళ్లు, అంతే.

"జెనీఫరమ్మా, జల్ది రా!" అని కేకేశాడు. "మా పిల్ల ఎట్ల నవ్వుతున్నదో చూద్దువు!"