ముందువాడు నాకు, వెనకవాడు నీకు

మా మిషన్ స్కూలు డ్రిల్లు మాస్టారి వేళ్లు ఇప్పటికీ నా కళ్లకు కడతాయి. మిషను నడిపే తెల్లదొరగారు నేర్పిన సాఫ్ట్‌బాల్ ఆటకి మెళ్లో ఈలతో ఆయన పెద్ద అంపైరు. నేను లెక్కల మాస్టర్ని, ఆయన చేతికింద రెండో అంపైర్ని. ప్రతి బంతికీ ముందు ఆయన నావైపు రెండు వేళ్లు చూపించి ఒకటి ముడిచేవారు. మూలమూలకీ పెట్టిన బేసు పలకల్ని తొక్కుతూ ఇద్దరు పరుగెత్తుతుంటే ముందువాణ్ణి ఆయన చూసుకుంటారు, వెనకవాణ్ణి నేను చూడాలి.

"బంతిని చూడమాక తమ్ముడూ, నీ మనిషిని చూడు" అనేవారు.

ఈపూరు మ్యాచిలో నేను బంతినే చూశాను. పాతకక్షలున్న రెండు ఊళ్లవాళ్లూ కర్రలతో నన్ను చుట్టుముట్టారు.

"ఏంది సారూ, వెనకోడు బేసు తొక్కాడా లేదా?"

మాస్టారు అడ్డం వచ్చారు. "నేను చూశా. తొక్కలా. ఔట్!"

ఆయన చూడలేదని నాకు తెలుసు. ఆ ఔట్‌తో ఓడిన ఊరివాళ్లు ఒక్క మాటా అనకుండా కర్రలు దించారు. నాకు దానికే భయం వేసింది.

పొద్దుగూకే వేళ బస్సు కోసం నడుస్తుంటే ఓడిన ఊరివాళ్లు ఇద్దరు మా వెనకే వస్తున్నారు. మాస్టారు తల తిప్పకుండా రెండు వేళ్లు చూపించి ఒకటి ముడిచారు.

"ఎర్రతువ్వాలోడు నాకు, రెండోవోడు నీకు. ఈసారన్నా వదలమాక" అని మిరపచేల గట్టు మీదుగా వేరే దారి పట్టారు. ఎర్రతువ్వాలు ఆయన వెంట వెళ్లింది.

నేను నా మనిషి మీద నుంచి చూపు తిప్పలేదు. వాడు తాపీగా కల్వర్టు మీద కూర్చుని, బీడీ ముట్టించి, నన్ను చూసి నవ్వాడు.

అప్పుడు చేలవైపు తిరిగాను. గట్టు మీద ఎవరూ లేరు. ఎక్కడో మాస్టారి ఈల ఒకసారి మోగి, సగంలో ఆగిపోయింది.