రావి మొక్క, పోచయ్య ఇస్త్రీ చొక్కా

పుప్పాలగూడ పాత వంతెన దగ్గర పోచయ్య రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నిలబడేది, బస్సులో ఆకుకూరల మూటతో దిగే భాగ్యమ్మ కోసమేనని ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంటంతా అనుకుంటోంది. పెళ్లాం పోయి ఏళ్లయిన మనిషి, మనవలున్న మనిషి. ఈ పుకారు సంగతేందో తేల్చాలని నాలుగో అంతస్తు ఓబులమ్మ నడుం కట్టింది. కడప నుంచి కొడుకు వినయ్ దగ్గరికి వచ్చి ఉంటున్న ఈమెకు తెలియకుండా ఆ అపార్ట్‌మెంట్‌లో ఏ ఇంట్లోనూ కుక్కరు కూత వేయదు.

పోచయ్య ఆ ఊరివాడే. వయసులో ఉన్నప్పుడు ఖాజాగూడ గుట్టల్లో రాళ్లు కొట్టాడు. గుట్టలు కరిగి అద్దాల మేడలు లేచాక, నిజాం కాలపు ఆ రాతి వంతెనను చూసుకునే పనిలో అతన్ని పెట్టుకున్నారు. వాన నీళ్లు పోయే తూములు పూడకుండా చూడాలి, రాళ్ల సందుల్లో గడ్డి పీకాలి, బరువు బండ్లను ఫ్లైఓవర్ దిక్కు మళ్లించాలి. ఊరి చిన్న బస్సు ఒక్కదానికే వంతెన మీద దారి. అది వస్తుంటే పోచయ్య పిట్టగోడకు అరచెయ్యి ఆనించి, దాటేదాకా కదలడు. రాయి అదిరితే చేతికి తెలుస్తుందట.

ఇదంతా కళ్లారా చూసొచ్చి ఓబులమ్మ లిఫ్టులో గట్టిగానే చెప్పింది. "ఆయప్ప చూసేది వంతెనను. మీరు చూసేది ఆయప్పను."

"మరి ఆ ఇస్త్రీ ఎవరికి పెద్దమ్మా, వంతెనకా?" అంది పక్కింటి స్వాతి.

ఓబులమ్మ తన అంతస్తు రాకముందే లిఫ్టు దిగిపోయింది. జవాబు దొరక్కపోతే ఆమెకు అన్నం సయించదు.

ఇంతలో వానలు వెలిశాయి. ఇంజనీరు రోహిణి వచ్చి వంతెనంతా తిరిగి చూసి, పిట్టగోడ కింద రాళ్ల మధ్య వేరు దింపిన రావి మొక్క దగ్గర ఆగింది. "ఇది పెరిగితే రాళ్లు విడిపోతాయి. దసరాలోపు తీయకపోతే బస్సును కూడా ఫ్లైఓవర్ మీదికే పంపాలి" అని చెప్పి వెళ్లింది. ఫ్లైఓవర్ ఎక్కిన బస్సు ఇక ఇక్కడ ఆగదు. ఆ రోజు పోచయ్య అన్నం డబ్బా మూత తీయలేదు.

మొక్క పీకడం ఎంత పని అనుకుంటాం. కానీ అది రావి. పైగా వినయ్‌కి సంబంధం కుదరాలని దానికి పసుపు పూసి, దారం చుట్టి, రోజూ చెంబెడు నీళ్లు పోసి పెంచింది ఓబులమ్మే. పీకడానికొచ్చిన కూలీలు దారం చూసి, దండం పెట్టుకుని వెళ్లిపోయారు.

పోచయ్య నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు. "అక్కా, నువ్వు పోసిన నీళ్లకు అది మస్తు బలిసింది. ఇగ దారం నువ్వే ఇప్పాలె."

"ఆ పాపం నాకు చుట్టుకోదా?"

"మనం దాన్ని సంపుతలేం గదక్కా, ఇల్లు మారుస్తున్నం. కిరాయికున్నోళ్లు మారుతలేరా?"

ఓబులమ్మ గొణుక్కుంటూనే వచ్చి దారం విప్పింది. పోచయ్య చిన్న ఉలితో సందులో మట్టి గోకి గోకి, రాయి పెచ్చు లేవకుండా, వేరు తెగకుండా మొక్కను బయటికి తీశాడు. ఆ సందులో, పాత కట్టడాలకు వాడే డంగు సున్నం కూరాడు. మొక్కను వంతెన కింది వాగు గట్టున నాటితే, మొదటి చెంబు నీళ్లు ఓబులమ్మే పోసింది, దారం కూడా మళ్లీ చుట్టింది. రోహిణి వచ్చి చూసి, బస్సును వంతెన మీదే ఉంచమంది.

మర్నాడు బస్సు నిదానంగా వంతెన దాటి ఆగింది. పోచయ్య పిట్టగోడ మీంచి చెయ్యి తీసి, భాగ్యమ్మ దించుతున్న తోటకూర మూట అందుకున్నాడు. ఆమె ముందు నడిచింది. ఓబులమ్మ కొత్తిమీర కట్ట బేరమాడే నెపంతో వచ్చి అతని పక్కన నిలబడింది.

"పోచయ్యా, వంతెన నిలిచింది, బస్సూ నిలిచింది. లిఫ్టులో నా పరువు నీ చేతిలో ఉంది, నిజం చెప్పబ్బా. నువ్వు కాపలా ఉండేది వంతెనకా, భాగ్యమ్మకా?"

పోచయ్య మూటను ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. చొక్కా నలగకుండా చూసుకున్నాడు.

"వంతెన లేకుంటే బస్సు రాదు గదక్కా. బస్సే రాకుంటే, ఆమె ఏడ దిగుతది?"