వదిన కొలతకు ఇటుకల బాట

మా అన్నయ్య దర్జీ. నోట్లో నాలుక లేని మనిషని అందరూ అంటారు గానీ, మొండితనానికొస్తే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. మెడలో టేపు లేకుండా అతన్ని నేను చూసింది తక్కువ. భోజనం చేసేటప్పుడు దాని చివర కంచంలో పడితే తుడుచుకుని మళ్ళీ మెడలో వేసుకుంటాడు. మనుషుల పేర్లు గుర్తుండవు. దారిలో ఎవరైనా పలకరిస్తే నవ్వి పంపేసి, ఎడమ భుజం కాస్త దిగువగా ఉంటుందే, ఆయన అని నాకు చెబుతాడు.

వదినకేమో కోపం ముక్కు మీదే. నాకూ తక్కువేం లేదు లెండి, అందుకే మా ఇద్దరికీ పడుతుంది. పెరడంతా ఆమె రాజ్యం: ఒక నిమ్మచెట్టు, గులాబీలు, చిక్కుడు పందిరి. పోయిన వానాకాలం అక్కడే బురదలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది, ఎముక అతికింది, చేతికి కర్ర వచ్చింది. భయం మాత్రం పోలేదు. ఆమె నడక మంచం నుంచి వంటింటి దాకా, అక్కణ్ణుంచి మళ్ళీ మంచం దాకా. ఇలాగే కూర్చుంటే కాళ్ళు బిగుసుకుపోయి మంచానికే అంకితమైపోతుందని డాక్టరు అన్నయ్యతో కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు.

ఒకరోజు పెరట్లోకి తీసుకెళ్దామని అన్నయ్య చెయ్యి పట్టుకోబోతే వదిన విదిలించేసింది.

"నన్ను పట్టుకోకండి. నేనేం చంటిపిల్లనా?"

నా ముందే అంది ఆ మాట. నాకు ఒళ్ళు మండింది. అన్నయ్య మాత్రం కుట్టుమిషను దగ్గరకు వెళ్ళి కూర్చున్నాడు.

ఆ తర్వాత పక్కింటివాళ్ళు పాత ప్రహరీ పడగొట్టిస్తే, ఆ ఇటుకలు అడిగి తెచ్చుకున్నాడు. గుమ్మం నుంచి నిమ్మచెట్టు దాకా మట్టి తవ్వి, ఇసుక పరిచి, బట్టల మీద గీసే సుద్దతోనే ఇటుకల మీద గుర్తులు పెట్టుకుంటూ బాట వేయడం మొదలుపెట్టాడు. ఒక్కో ఇటుకనూ పక్కదానికి ఆనించి, చెక్కముక్క అడ్డం పెట్టి సుత్తితో తట్టేవాడు. వెళ్ళినప్పుడల్లా వెక్కిరించకపోతే నాకు తోచదు కదా, ఇంత సన్నగా ఉందేమిటి, పిల్లి నడవడానికా అన్నాను. అది మీ వదిన కొలత అన్నాడు, తలెత్తకుండా. ఎవరూ పట్టుకోనక్కర్లేకుండా ఆమె ఒక్కతే నడవడానికి సరిపోతుందట. వదిన అడుగు ఎంత పడుతుందో, పాదాల మధ్య ఎంత ఎడం ఉంటుందో అతనికి కంఠతా వచ్చు. వదిన కిటికీలోంచి ఎందుకొచ్చిన చాకిరీ అని గొణిగేది, చూడటం మాత్రం మానేది కాదు.

బాట పూర్తయ్యాక నన్ను పిలిపించాడు. అప్పుడే వాన వెలిసింది. వదిన చాలాసేపు గుమ్మంలోనే నిలబడి, చివరికి కాలు బయటపెట్టింది. రెండో అడుగుకే కర్ర ఇటుకల పక్కన బురదలో పడి జానెడు లోతు దిగబడింది. తూలి, ద్వారబంధం పట్టుకుని నిలదొక్కుకుంది.

అన్నయ్య పాదాలకే కొలత తీసుకున్నాడు. కర్రకు చోటు వదల్లేదు. పొద్దస్తమానం ఇంట్లో దాని చప్పుడు వింటూనే ఉన్నా, అతని లెక్కలో ఉన్నది జారిపడక ముందటి వదినే. పిచ్చి మారాజు!

అన్నయ్య మోకాళ్ళ మీద కూలబడి, వేసిన ఇటుకను పెకలించబోయాడు. ఇక వదిన విరుచుకుపడుతుందనీ, ఇప్పుడు లోపలికి వెళ్ళిపోతే మళ్ళీ ఈ గడప దాటదనీ నాకు భయం వేసింది. ఆమె బురద కారుతున్న కర్రను పైకి లాగి నా చేతికిచ్చింది.

"లేవండి," అంది అన్నయ్యతో. "చెయ్యివ్వండి."

అన్నయ్య లేచాడు. ఆమె ఇటుకల మీద, అతను పక్కన బురదలో. చెప్పులు కూరుకుపోతే అక్కడే వదిలేసి ఉత్తికాళ్ళతో నడిచాడు. నిమ్మచెట్టు దగ్గర ఎండుకొమ్మలు చూడగానే వదిన తిట్లు లంకించుకుంది, చెట్టును పట్టించుకునే దిక్కే లేదా ఈ ఇంట్లో అని. ఆ తిట్లు వింటుంటే నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

తిరిగొచ్చాక అన్నయ్య టేపు తీశాడు. ఇటుకలు ఇంకా మిగిలి ఉన్నాయి, రేపే చెరో పక్కా ఒక వరుస వేసి వెడల్పు చేస్తానన్నాడు. వదిన గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటూ తల అడ్డంగా ఊపింది.

"వద్దు. కర్రకి చోటు చేస్తే మీరు రారు."