డెబ్బై రెండో గడి దాటిన సున్నా

మా అన్నను కొట్టి పడేశారని ఫోన్ వచ్చినప్పుడు నేను గుండ్లపోచంపల్లిలో, గోదాము మీది మా ఆఫీసు గదిలో ఉన్నాను. అన్న శామీర్‌పేట దాటాక ఒక క్వారీలో మందు పెట్టి బండ పేలుస్తాడు. పేలుడుకు రాళ్లు ఎంత దూరం ఎగురుతాయో లెక్కగట్టే ప్రోగ్రాము మా ఆఫీసుదే. అది లెక్కగట్టిన దూరం కాగితం ఊరికి చూపించి, అన్న అక్కడ తాడు కడతాడు. తాడు అవతల ఎవరున్నా భయం లేదు. ఆ రోజు మాత్రం తాడు అవతల కట్టేసిన బర్రె మీద బండరాయి పడి, బర్రె అక్కడికక్కడే చచ్చింది. బర్రె గల ఆవిడ కట్టె తీసుకుని అన్న నెత్తి పగలగొట్టింది. మిగతా వాళ్లు కింద పడేసి తన్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా అన్న తాడు తప్పుగా కట్టే మనిషి కాదు. అంటే తప్పు మా ప్రోగ్రాములోనే ఉండాలి.

అది రాసింది పాతకాలపు ఫోర్‌ట్రాన్ భాషలో. అందులో గడికో అక్షరం చొప్పున ఒక్కో వరుసకు డెబ్బై రెండు గడులే లెక్క. ఆపైన ఏం రాసినా, దాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ చదవదు, చదవలేదని చెప్పనూ చెప్పదు. మేము ఒకే ఫైలు నుంచి రెండు ప్రోగ్రాములు తీసేవాళ్లం, ఒకటి మా పరీక్షలకు, ఒకటి క్వారీకి. ఏ వరుసలు ఉంచాలో, ఏవి తీసెయ్యాలో కంపైలర్ కంటే ముందు సీ ప్రీప్రాసెసర్ చూసుకుంటుంది. పొట్టి పేర్లను విప్పి అసలు సూత్రాలు రాసేదీ అదే. క్వారీ భాగంలో మా ఓనరు పొడుగాటి సూత్రానికి పొట్టి పేరొకటి పెట్టాడు. తెర మీద చూస్తే వరుస ముచ్చటగా, చిన్నగా ఉంది. మర్నాడు పొద్దున ప్రీప్రాసెసర్‌ను ఒక్కదాన్నే నడిపి, అది కంపైలర్ చేతికి ఏమిస్తుందో చూశాను. పొట్టి పేరు స్థానంలో సూత్రమంతా పరుచుకుని వరుస సాగిపోయింది. గట్టి రాయికి నూటయాభై మీటర్లు కలపాలి. ఆ 150లో చివరి సున్నా డెబ్బై రెండో గడి దాటి పడింది. కంపైలర్ పదిహేనే కలిపింది. పరీక్షల ప్రోగ్రాములో ఆ వరుసే లేదు, ఇక తప్పెలా దొరుకుతుంది!

ఓనరుకు చూపించాను. చప్పుడు చెయ్యకుండా వచ్చే వెర్షన్‌లో సరిచేద్దామన్నాడు. ఈరోజు కూడా పేలుడుంది కదా అంటే, నోరు మూసుకోమని మణికట్టు పట్టి మెలితిప్పాడు. రెండో చేత్తో చెంప ఛెళ్లుమనిపించాను. కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు. ఆ చప్పుడు గుర్తొస్తే ఇప్పటికీ నా ప్రాణం హాయిగా ఉంటుంది.

మందు దగ్గర ఫోన్లు ఆపేస్తారు కాబట్టి అన్నకు ఫోన్ కలవదు. మేడ్చల్ మీదుగా స్కూటీ ఎట్లా తోలానో నాకే తెలియదు. వెళ్లేసరికి రంధ్రాల్లో మందు నింపడం అయిపోయింది. నింపాక వదిలేసి పోకూడదు, చీకటి పడేలోపే పేల్చి తీరాలి. తాడుకు అవతల, ఆనుకునే, షామియానా వేసుకుని ఊరు ఊరంతా కూర్చుంది, క్వారీ మూసెయ్యాలని. తలకు కట్టుతో ఉన్న అన్నకు సంగతి చెప్పాను.

"జల్దీ లేపు వాళ్లను. నా మాట ఇనరు," అన్నాడు.

నా మాట మాత్రం వింటారా? బతిమాలాను, మా అన్న తాడు కట్టిన లెక్కే తప్పని మొత్తుకున్నాను, దండం పెట్టాను. బర్రె గల ఆవిడ ముందు వరుసలో కాళ్లు చాపుకుని కూర్చుంది.

"తాడుకు గీవల ఏం గాదని మీ కాగితమే జెప్తాంది గద," అంది. "గిప్పుడు లెవ్వాల్నా? మమ్ముల లేపెతందుకు నిన్ను పంపిన్రా?"

ఇక చెప్పి లాభం లేదు. వంగి ఆవిడ చెంప మీద ఒక్కటిచ్చాను. సగం వాళ్లను లేపడానికి, సగం మా అన్న నెత్తికి. తేరుకునేలోపు షామియానా కర్ర పీకి, పెద్దమనుషుల వైపు విసిరి, రోడ్డు వైపు పరుగు తీశాను.

ఊరంతా లేచి నా వెంటపడింది. ఒక్కరూ మిగల్లేదు. రోడ్డెక్కాక, రాళ్లు అందని దూరంలో దొరికిపోయాను. ఆవిడే ముందు నా జుట్టు పట్టుకుని నేలకేసి ఈడ్చింది. డొక్కలో ఎవరో తన్నారు. పెదవి చిట్లి నోట్లోకి రక్తం వచ్చింది. అంత దెబ్బల్లోనూ చెవులు సైరన్ కోసమే ఎదురుచూశాయి. తాడు దగ్గర ఎవరూ లేరని అన్న చూశాడు. సైరన్ మోగింది. నేల అదిరింది.

దుమ్ము తేరాక చూస్తే షామియానా లేదు. ఆవిడ కూర్చున్న చోట బర్రె అంత బండ దిగబడి ఉంది.

తన్నేవాళ్లు ఆగిపోయారు. ఆవిడ మాత్రం నా జుట్టు వదల్లేదు. లాగడమూ లేదు, ఊరికే పట్టుకుని ఆ బండనే చూస్తోంది.

"మీ అన్న నెత్తికి కుట్లెన్ని పడ్డయ్ బిడ్డా?" అని అడిగింది.

అన్ని దెబ్బలకూ రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది.