రెండో సంతకం ఏదోయ్?

మా సెక్రటరీ గారికి ఒంటి సంతకం పడేది కాదు. కొందరికి దుమ్ము పడదు, కొందరికి పిల్లులు పడవు, ఈయనకి ఇది. ఏ కాగితం తీసుకెళ్ళినా అందులో ఏం రాసుందో చూడరు, ముందు అడుగున చూస్తారు. ఎడమ మూల తన సంతకం, కుడి మూల అవతలి సెక్రటరీ గారి సంతకం ఉండాలి. రెండోది లేకపోతే ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, తడిగుడ్డలా దూరంగా పెట్టి, "రెండో సంతకం ఏదోయ్?" అనేవారు. ఇరవై ఏళ్ళు ఆయన దగ్గర పనిచేశాను. ఆ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో నా చెవులకే తెలుసు.

మాది రెండు దేశాల వాళ్ళు కలిసి పెట్టుకున్న వర్తక మండలి. ఇవతలి బొత్తాలు అటు వెళ్ళేవి, అవతలి కుట్టుమిషన్లు ఇటు వచ్చేవి. కళ్ళద్దాల షాపు పైన మేడ మీద ఆఫీసు. గోడకి రెండు గడియారాలు, ఒకటి మన టైము, రెండోది వాళ్ళ టైము. వసారాకి ఈ చివర సెక్రటరీ గారి గది, ఆ చివర అవతలి సెక్రటరీ గారి గది. మధ్య పద్నాలుగు అడుగులు. ఆ పద్నాలుగు అడుగులూ నా చెప్పులతోనే అరిగాయి.

ఆవిడ అవతలి దేశం మనిషి. మన భాష మనకంటే శుభ్రంగా మాట్లాడేవారు. ఆకుపచ్చ సిరా, సన్న పాళీ. కాగితం ఎంత చిన్నదైనా మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివి, కళ్ళజోడు పైకి తోసి, ఒకే ఒక్క ప్రశ్న వేసేవారు. తాళం కొంటే "తాళం మంచిదేనా?" అనేవారు. గుమ్మానికి రంగు వేయిస్తే "రంగు మంచిదేనా?" అనేవారు. "మంచిదేనండీ" అంటే సంతకం పెట్టేవారు. నవ్వగా నేను చూడలేదు.

ఒకసారి చెత్తబుట్ట అంటుకుంది. మండలి సభ్యుడొకాయన సిగరెట్టు పీక అందులో పడేసి తన గొప్పతనం గురించి మాట్లాడుతూ కూర్చున్నారు. నేను కూజా ఎత్తి నీళ్ళు పోసేశాను. సెక్రటరీ గారు పరుగున వచ్చి చూసి, "శభాష్" అన్నారు. నేను పొంగిపోయేలోపు, "కూజాడు నీళ్ళు వాడినందుకు ఒక కాగితం రాయి" అన్నారు.

"ఆర్పేశాను కదండీ!"

"ఆర్పావు. ఎవరి అనుమతితో ఆర్పావో తెలియాలి కదోయ్."

రాశాను. ఎడమ మూల సంతకమైంది. పద్నాలుగు అడుగులు నడిచాను. ఆవిడ ఆసాంతం చదివి, "నీళ్ళు మంచివేనా?" అన్నారు.

ఇంట్లోనూ ఇదే వరస అనుకునేవాళ్ళం. ఒకసారి సెక్రటరీ గారి భార్యని అడిగేశాను. "కూరగాయల చీటీ మీద కూడా రెండు సంతకాలా, పిన్నిగారూ?" ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఇంట్లో మహానుభావుడు ఒక్క సంతకం కూడా పెట్టడు నాయనా. ఆఫీసులో అరిగిపోతుందిట చెయ్యి" అన్నారు. అప్పుడు నవ్వాను. అందులో ఆలోచించాల్సింది ఉందని నాకు తట్టలేదు. నేను తెలివైనవాడినని నాకు గట్టి నమ్మకం ఉన్న రోజులవి.

పిచ్చికి ఒక ఋతువు కూడా ఉండేది. ఏడాది చివరి నెల వస్తే రెండు సంతకాల కాగితాల బొత్తి ముందేసుకుని లెక్కపెట్టేవారు. "ఇంకా ముప్ఫై తక్కువోయ్" అని ముఖం వేలాడేసేవారు. ఇక చూడండి, కుర్చీల కాళ్ళు సరిచూడాలి, కిటికీల గొళ్ళాలు సరిచూడాలి, ఒక్కోదానికి ఒక్కో కాగితం. మేము వెనకాల నవ్వుకునేవాళ్ళం. ఆయనకి వినపడేలాగే నవ్వేవాళ్ళం.

నాకు మాత్రం నవ్వుతో సరిపోలేదు, కడుపుమంట కూడా ఉండేది. మా అక్క పెళ్ళికి సెలవు చీటీ పెట్టుకున్నాను. ఏడాది ఆఖరి రోజు, మధ్యాహ్నం రైలు. అవతలి సెక్రటరీ గారు మూడు వారాలుగా జ్వరంతో ఇంట్లో ఉన్నారు. సెక్రటరీ గారు నా చీటీ మీద సంతకం పెట్టి, "ఉండు, రెండోది పెట్టించుకొస్తాను" అని గొడుగేసుకుని ఊరి ఆ చివరికి బయల్దేరారు. ఆయన తిరిగొచ్చేసరికి రైలు వెళ్ళిపోయింది. నేను మర్నాడు చేరేసరికి పెళ్ళింటి వాళ్ళు కుర్చీలు బండికెక్కిస్తున్నారు. మా అక్క నన్ను ఏమీ అనలేదు. అందుకే ఇంకా మంట. చీటీ మీద ఆకుపచ్చ సంతకం వంకరటింకరగా ఉంది. అది పెట్టేముందు ఆవిడ అడిగిన ప్రశ్నని సెక్రటరీ గారు నాకు అప్పజెప్పారు కూడా. "పెళ్ళికొడుకు మంచివాడేనా అని అడిగారోయ్."

"నేను చూడలేదండీ" అన్నాను.

మండలికి యాభయ్యో ఏడు వచ్చింది. కొత్త అధ్యక్షుడు వచ్చాడు. ఆయనది జిప్పుల ఫ్యాక్టరీ. బొత్తాల వాళ్ళు పుట్టించిన మండలిని జిప్పుల వాడి చేతిలో పెట్టారంటేనే మా సభ్యుల శ్రద్ధ మీకు అర్థమై ఉంటుంది. ఆయన నన్ను పిలిచి, "మండలి చరిత్ర పుస్తకం రాయవయ్యా. నీకు భాష మీద పట్టుందట. మధ్యలో ఒక నవ్వుల అధ్యాయం ఉండాలి. ఈ రెండు సంతకాల భాగోతం మొత్తం పెట్టు" అన్నాడు. అంతటితో ఆగలేదు. "సభలోనే ఆ రెండో సంతకం తీసేస్తూ తీర్మానం చేద్దాం. అది కూడా నువ్వే రాసిపెట్టు."

అడిగిందే తడవుగా రాశాను. కూజా నీళ్ళు, కుర్చీ కాళ్ళు, అక్క పెళ్ళి, అన్నీ పెట్టాను. తీర్మానం ఇంకా బాగా కుదిరింది. ఇరవై ఏళ్ళ కసి ఉన్నవాడికి వాక్యాలు వాటంతటవే వస్తాయి.

అధ్యాయానికి మొదలు కావాలి కదా, అసలీ పిచ్చి ఎప్పుడు పట్టిందో చూద్దామని పాత కాగితాల గదిలో కూర్చున్నాను. మండలి పెట్టిన పద్దెనిమిదో ఏట ఆయన ఉద్యోగంలో చేరారు. ఆ ఏటి కాగితాలు తీశాను. గడియారం కొన్నారు, ఒకటే సంతకం. బీరువా కొన్నారు, ఒకటే. ఆ ఒక్కటీ ఆయనదే. పంతొమ్మిదో ఏట అవతలి సెక్రటరీ గారు వచ్చారు. అయినా ఒకటే. ఇరవయ్యో ఏడు కూడా అంతే. నాకు మతిపోయింది. ఈయన మామూలు మనిషిగా మూడేళ్ళు బతికారా?

ఇరవై ఒకటో ఏట, ఒక బుధవారం, మొదటిసారి రెండు సంతకాలు. "చీపురు ఒకటి కొనుటకు." ఎడమన నల్ల సిరా, కుడిన ఆకుపచ్చ సిరా.

ఆ చీపురు కాగితం వెనక ఇంకో మూడు కాగితాలు గుండుసూదితో గుచ్చి ఉన్నాయి. మొదటిది నివాస అనుమతుల ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరువు. రెండు దేశాలూ తగువు పెట్టుకున్న వారం అది. అవతలి దేశం వాళ్ళంతా పదిహేను రోజుల్లో వెళ్ళిపోవాలి. ఎవరి సంతకం లేనిదే ఒక సంస్థలో రోజువారీ పని సాగదో వాళ్ళకి మాత్రం మినహాయింపు. రుజువుగా ఏటా తక్కువలో తక్కువ మూడు వందల కాగితాలు చూపించాలి. అలా ముప్ఫై ఏళ్ళు ఎడతెగకుండా ఉంటే శాశ్వత నివాసం ఇస్తారు. రెండోది డాక్టరు చీటీ. ఆవిడ తల్లికి తుంటి ఎముక విరిగింది, కదపకూడదు. మూడోది మండలి సమావేశం నిర్ణయం, రూల్ పదిహేడు, ప్రతి కాగితానికీ రెండు సంతకాలు. హాజరు ముగ్గురు. యాభై మంది సభ్యులున్న మండలి అది. తగువు మొదలైన వారంలోనే తక్కిన నలభై ఏడుగురికీ ఒంట్లో బాగుండలేదు. అంతకు ముందు నెలదాకా వాళ్ళంతా ఆవిడ చేతి టీ తాగి, "మేడమ్, మీరు మా ఇంటి మనిషి" అన్నవాళ్ళే. ఆ మాట కూడా సమావేశాల పుస్తకంలో ఉంది.

చీపురు కాగితం పట్టుకుని సెక్రటరీ గారి గదిలోకి వెళ్ళాను. ఆయన దాన్ని చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"దొరికిందా? అది మంచి చీపురోయ్. చాలా కాలం వచ్చింది."

"ఒక్క మాట చెప్పొచ్చు కదండీ మాకు! ఇన్నేళ్ళూ మిమ్మల్ని పిచ్చాయన అనుకున్నాం."

"అనుకోవాలనే కదా నా తాపత్రయం. కావాలని చేస్తున్నాడంటే ఎంక్వయిరీ వేస్తారు. పిచ్చివాడంటే నవ్వి వదిలేస్తారు. మీరంతా బాగా నవ్వారు. చాలా సాయం చేశారు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండును అనిపించింది.

"రెండు దేశాలూ రాజీపడి పద్దెనిమిదేళ్ళయింది కదండీ?"

"దేశాలు పడ్డాయి. ఆ సంగతి అనుమతుల ఆఫీసుకి ఎవరూ చెప్పలేదు. ఉత్తరువు అలాగే ఉంది. ముప్ఫై ఏళ్ళు నిండటానికి ఇంకా పదకొండు నెలలు. వాళ్ళమ్మ గారు పోయారు. అక్కడ ఇప్పుడు ఆవిడకి తెలిసిన తలుపంటూ ఒక్కటి లేదు."

"మా అక్క పెళ్ళి రోజు..." అని ఆగిపోయాను.

"నీ సెలవు చీటీ ఆ ఏడు మూడు వందలవది" అన్నారాయన. "అదే ఆఖరి రోజు. ఆవిడ మూడు వారాలు ఒంటిమీద తెలివి లేకుండా ఉండి, ఆ రోజే కాస్త తేరుకున్నారు. నేను ఒక్క దొంగ కాగితం రాయలేదోయ్ ఇన్నేళ్ళలో. చీపురు కావాలి కాబట్టే కొన్నాం. నీకు సెలవు కావాలి కాబట్టే పెట్టించాను. కానీ రైలు తప్పింది. దానికి నేను నీకు బాకీ."

నేను నేల చూశాను. ఆయన బల్ల మీద నా తీర్మానం ఉంది, అధ్యక్షుడు పంపించినట్టున్నాడు.

"ఇది నువ్వు రాసిందేగా? బాగా రాశావు. ఒక్క తప్పు లేదు" అన్నారు.

చెంపదెబ్బ కొట్టినా అంత గట్టిగా తగిలేది కాదు.

శుక్రవారం సభ. అధ్యక్షుడు తీర్మానం చదివాడు. "ఇకపై మండలి కాగితాలకు సెక్రటరీ ఒక్కరి సంతకం చాలును." చప్పట్లు. పైన రెండు గడియారాలూ చెరో టైము చూపిస్తున్నాయి. సెక్రటరీ గారు తల వంచుకుని పెన్సిలు చెక్కుకుంటున్నారు. ఆవిడ ఆ చివరి కుర్చీలో తీర్మానం ఆసాంతం చదువుతున్నారు. నేను లేచాను.

"చిన్న మాటండీ. రూల్ పదిహేడు రెండో సగంలో ఇంకోటుంది. పని పద్ధతి మార్చాలంటే, ఒక్కో రకం పనికి విడివిడిగా ఉత్తరువు రాయాలి. దానికి..."

"దానికి?"

"రెండు సంతకాలు కావాలండీ."

సభంతా గొల్లుమంది. అధ్యక్షుడు కూడా నవ్వాడు. "నీకూ అంటుకుందా ఆయన జబ్బు? ఎన్ని రకాల పనులున్నాయి మనకి?"

"లెక్కపెట్టాలండీ."

"ఆ తతంగమేదో నువ్వే చూసుకో. నా దాకా తీసుకురాకు" అన్నాడు.

సెక్రటరీ గారు పెన్సిలు చెక్కడం ఆపి మొదటిసారి నా వైపు చూశారు.

అంతే, మర్నాటి నుంచి మొదలుపెట్టాను. "చీపురు కొనుటకు ఇకపై ఒక సంతకం చాలును." రెండు సంతకాలు. "తాళములు కొనుటకు ఇకపై ఒక సంతకం చాలును." రెండు సంతకాలు. "బుట్ట అంటుకున్నచో ఆర్పుటకు." "కిటికీ గొళ్ళెములు సరిచూచుటకు." రోజుకి ఒకటి, పని ఎక్కువున్న రోజు రెండు. ఒంటి సంతకం తేవడానికి మండలి చరిత్రలో ఎన్నడూ లేనన్ని జంట సంతకాలు పడ్డాయి. ఆ పదకొండు నెలల్లో మొత్తం నాలుగు వందల పన్నెండు. ఆఫీసులో కుర్రకారు నా వెనకాల నవ్వడం మొదలెట్టారు. నాకు వినపడేలాగే నవ్వేవారు. నవ్వనిచ్చాను.

పుస్తకం అచ్చుకి వెళ్ళేముందు అధ్యక్షుడు పేజీలు తిరగేసి, "ఆ నవ్వుల అధ్యాయం ఏదయ్యా?" అన్నాడు.

"రెండో సంతకం పడలేదండీ" అన్నాను.

ఆయన నుదురు కొట్టుకుని వెళ్ళిపోయాడు. దాని బదులు సభ్యుల ఫొటోలు వేశారు, ఆ నలభై ఏడుగురివీ. కింద "రెండు దేశాల మైత్రికి మూలస్తంభాలు" అని అచ్చేశారు. మండలి చరిత్ర మీకెక్కడైనా దొరికితే ఆ పేజీ దగ్గర మాత్రం నన్ను తిట్టుకోకండి. అది నేను రాయలేదు.

ఆవిడకి శాశ్వత నివాసం కాగితం వచ్చింది. దాని మీద అనుమతుల ఆఫీసరుది ఒకటే సంతకం ఉంది. సెక్రటరీ గారు అలవాటు కొద్దీ అడుగున చూసి నోరు తెరవబోయి, మళ్ళీ మూసుకున్నారు. ఆఖరి ఉత్తరువు మర్నాడు పూర్తయింది. ఆ నెలలోనే ఆయన రిటైరయ్యారు. కొత్త సెక్రటరీగా నన్ను వేశారు. నా నియామకం కాగితం ఆయన పెట్టిన చివరి సంతకం. రూలు పోయింది, ఆ ఒక్క సంతకం చాలు. అయినా ఆయన కాగితం తీసుకుని లేచారు. ఆ పద్నాలుగు అడుగులూ ఆయన వెనకాలే నడిచాను.

ఆవిడ మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివారు. కళ్ళజోడు పైకి తోసి ఆయన్ని అడిగారు.

"మనిషి మంచివాడేనా?"

సెక్రటరీ గారు వెనక్కి తిరిగి నన్ను తీరిగ్గా ఎగాదిగా చూశారు.

"అప్పుడప్పుడూ" అన్నారు.

ఆవిడ ఫక్కున నవ్వి, ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టేశారు.