సముద్రం లేని చోట తీర రక్షణ

బస్తర్‌లో సముద్రతీరాన్ని కాపాడిన ఇంజనీరును నేనొక్కణ్ణే. శ్రీకాకుళం నుంచి ఇక్కడి ఇనుప గనికి బదిలీ మీద వచ్చిన రెండో వేసవిలో ఆ ఘనకార్యం జరిగింది.

మా కంపెనీకి సముద్రపు రేవులో, ఓడలకెక్కించే ఖనిజం నిలవ చేసే యార్డు ఒకటి ఉండేది. వాతావరణ మార్పును తట్టుకోవడానికి స్థానికులతో కలిసి తీర నిర్వహణ సంఘం పెట్టమని ఆ యార్డుకు రాసిన సర్క్యులర్‌ను, పెద్దాఫీసు వారు అన్ని యూనిట్లకూ పంపారు. తిప్పి పంపే అధికారం మా మేనేజరుకు లేదు. జవాబివ్వకుండా ఊరుకునే ధైర్యం నాకు లేదు. సర్క్యులర్‌తో వచ్చిన పట్టిక నింపాను. పడవలు: ఒకటి (తాటి దోనె). సముద్రమట్టం పెరుగుదల: గమనిస్తున్నాం.

ఇక తీరం కావాలి. కొండ దిగువన, బీజాపూర్ దారిలో ఒక వాగుంది. ఈమధ్య తొలి వానలే కుండపోతగా కురిసి, వాగు పొంగి, కొండమీది ఎర్రమట్టిని, ఆ పక్క ఊళ్ళో సేద్యం చేసుకునే జోగమ్మ వాళ్ళ వరిమళ్ళలో పరిచేది. రెండేళ్ళుగా పంట లేదు. ఈ ఏడూ పోతే ఊరంతా భద్రాచలం వైపు మిరపకాయ కోతలకు కూలికి పోవాల్సిందే.

మూడుకాళ్ళ మీద డంపీ లెవెల్ నిలబెట్టి, ఎత్తుపల్లాలు చూసి, వాగు పక్కన వేయబోయే మట్టికట్టకు గుర్తుగా మేకులు పాతాను. జోగమ్మ నవ్వింది.

"ఏంది సారూ, నీ దుర్బిణిల వానకాలం గూడ కనపడ్తదా? నీళ్ళు ఈడికెళ్లి రావు. ఆ మద్దిచెట్టు కాడ తిరుగుతయి."

మేకులు మార్చాను. తవ్వబోతే ఇంకో చిక్కు. విత్తనాల పండుగ కానిదే అక్కడ నేలలో గునపం దించరు. పండుగదాకా ఆగితే వాన వచ్చేస్తుంది. ఊరి పూజారి ససేమిరా అన్నాడు.

"వానే ముందటికొచ్చింది తాతా," అంది జోగమ్మ. "పండుగ ఎనకనే కూసుంటదా?"

పూజారి రెండు రోజులు పొద్దున్నే వాగు దాకా వెళ్ళి మబ్బులు చూసొచ్చాడు. మూడో రోజు పండుగ ముందుకు జరిగింది. కట్ట లేచింది. వాగు పొంగినా మళ్ళు నిలిచాయి. పెద్దాఫీసు మాకు తీర రక్షణలో రెండో బహుమతి ఇచ్చింది. రేవు యార్డుకు మూడోది.

ఇప్పుడు ఒప్పుకోవాలి. నేను ఇంజనీరును కాను, సర్వేయరును. అది తీరం కాదు, వాగు గట్టు. ఈ వ్యవహారం నాకు నేర్పిందొకటే: ఆ నీటి పక్కన బతికేవాళ్ళను ముందు సంఘంలో కూర్చోబెట్టాలి, మేకులు ఆ తర్వాత పాతాలి. అయితే ఆ కట్ట నా చేతుల మీదుగా లేచిందన్నది మాత్రం అక్షరాలా నిజం.

పోయిన వేసవి బీజాపూర్ సంతలో, ఇంతవరకు రాసింది జోగమ్మకు చదివి వినిపించాను. ఇప్పపువ్వు కొలవడం ఆపకుండానే వింది.

"మట్టి మేం మోసినం సారూ. నీ చేతుల గొడుగుండె."